మావాడికే ఎక్కువ మార్కులు

మా ఆడబిడ్డ కూతురు అఖిల పీహెచ్‌డీ చేస్తోందని తెలిసి ఇంట్లో అందరూ సంతోషించారు. దేనిమీద చేస్తోందో తెలిశాక ఆ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తోచలేదు. ఆడవాళ్ళ మీద, పసిపిల్లల మీద అఘాయిత్యం చేసి, జైలుకు పోయి, శిక్ష ముగించుకుని బయటికొచ్చిన మగవాళ్ళ మీద. వాళ్ళు మళ్ళీ అదే పని చేసే ప్రమాదం ఎంతుందో ఎట్లా అంచనా వెయ్యాలి, చెయ్యకుండా ఆపడానికి ఎట్లాంటి చికిత్స పనికొస్తుంది అన్నది దాని పరిశోధన. మా ఆడబిడ్డ మాత్రం చుట్టాలెవరైనా అడిగితే "సైకాలజీ" అని ఊరుకుంటుంది. ఇంకా తవ్వితే "మనసు గురించిలే" అని చాయ్ పెట్టడానికి లేస్తుంది.

అదేదో హైదరాబాదులోనే చేసుకోవచ్చు కదా అంటే, లేదు, జిల్లాల్లో చెయ్యాలట. సూర్యాపేటలో మేనమామ ఇల్లుంది. మేడమీద గది ఖాళీగా ఉంది. అత్తమ్మ ఎమ్మే చదివి ఇంట్లో ఊరికే ఉంది. ఈ "ఊరికే ఉంది" అన్నమాట నేను పెళ్ళయినప్పటినుంచీ వింటున్నాను. అన్నవాళ్ళలో చాలామంది నేను వడ్డించిన పప్పన్నం తింటూనే అన్నారు.

వాళ్ళ యూనివర్సిటీలో ఒక నియమం ఉంది. ఇట్లాంటి మనుషుల ఇంటికి ఒక్కరే పోకూడదు, ఇద్దరు పోవాలి. ఆ రెండో మనిషిని నేనైపోయాను. అక్కడ విన్నది బయట ఎవరికీ చెప్పనని నాతో సంతకం పెట్టించుకున్నారు. ముందువెనకలు చూసుకోకుండా నేను సరేనన్నది జీవితంలో అంతకుముందు ఒక్కసారే. అప్పుడు దొరికినాయనే మా ఆయన రాజ్‌కుమార్. ఆయనకు విత్తనాల దుకాణం. నాట్లు అయిపోయాక గిరాకీ ఉండదు కనుక కారు తోలడానికి ఒప్పుకున్నారు. ఆయన పని కారు తోలడం, తోలాక అందులోనే కూర్చోవడం. ఆయన అందులోనే కూర్చుని ఉంటే ఈ కథ రాయాల్సిన అవసరం నాకు వచ్చేది కాదు.

పరీక్ష సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది పరాయి దేశంలో తయారైంది. మనిషిని బోలెడు ప్రశ్నలడిగి, పాత కేసు కాగితాలు చూసి, ఒక్కో విషయానికి మార్కు వేస్తారు. ఆ విషయంలో భయపడాల్సిందేమీ లేకపోతే సున్నా. కొంచెం ఉంటే ఒకటి. బాగా ఉంటే రెండు. చివర అన్నీ కూడతారు. మొత్తం ఎంత పెరిగితే ఆ మనిషి మళ్ళీ తప్పు చేసే ప్రమాదం అంత ఎక్కువన్నమాట. మనం బడికి పోయిన నాటినుంచీ ఎరిగిన మార్కులకు ఇవి పూర్తిగా తలకిందులు.

కోదాడలో మేము కలిసిన మనిషి పేరు లింగస్వామి అనుకోండి, సంతకం పెట్టాను కనుక పేర్లు మార్చాను. ముప్పై అయిదేళ్ళుంటాయి. పక్కింటి చిన్నపిల్ల విషయంలో శిక్షపడి, చాలా ఏళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. తల్లి బాలమ్మ రోడ్డు మీద మిర్చిబజ్జీల బండి పెట్టుకుంది. కొడుకు మిరపకాయలు చీరడం, ఉల్లిగడ్డలు కొయ్యడం వగైరా ఇంట్లో కూర్చునే చేసిపెడతాడు. బండి దగ్గరికి రాడు.

ఏకాంతంగా మాట్లాడాలని అఖిల ముందే చెప్పింది. బాలమ్మ సరేనంది. సరేనని కొడుకు పక్కనే పీటేసుకుని కూర్చుంది.

"అమ్మా, ఆయనొక్కరితో మాట్లాడాలి," అంది అఖిల.

"మాట్లాడండమ్మా, నేనేం అడ్డమొచ్చానా? నేను లేననుకోండి."

"మీరు కోపం వచ్చినప్పుడు ఏం చేస్తారు?" అని అఖిల అతన్ని అడిగింది.

"వాడికి కోపమే రాదండి," అంది లేననుకోవాల్సిన బాలమ్మ.

"ఖాళీ సమయంలో మీకిష్టమైన వ్యాపకం ఏదైనా ఉందా?"

"ఉల్లిపాయలు కోస్తాడండి."

అఖిల పెన్ను మూసింది, తెరిచింది. నాకు ఆ పిల్లమీద జాలేసింది. ఆ ప్రశ్న తయారుచేసిన పరాయి దేశం వాడెవడో ఒకసారి కోదాడ వచ్చి బాలమ్మ ముందు కూర్చుంటే బాగుండుననిపించింది. చివరికి నేనే బజ్జీల పిండి ఎట్లా కలుపుతారో చూపించమని బాలమ్మను వంటింట్లోకి తీసుకుపోయాను. సోడాఉప్పు ఎప్పుడు వెయ్యాలో ఆమె నాకు చెబుతున్నంతసేపూ అవతల అఖిల పని నడిచింది.

అప్పుడే వాకిట్లోకి ఒక బంతి వచ్చి పడింది. వెనకే ఇద్దరు ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చారు. బాలమ్మ చేతిలో పిండితోనే బయటికి ఉరికి, ఆ బంతిని తీసి రోడ్డు అవతలికి విసిరికొట్టింది. "ఈ గడప తొక్కితే కాళ్ళిరగ్గొడతా! మీ అమ్మలకి బుద్ధి లేదా? పొండి!" అని అరిచిన అరుపుకి పిల్లలు ఏడుపు మొహాలతో పరుగెత్తారు. ఇంత గయ్యాళితనం ఏమిటమ్మా అనుకున్నాను. మనసులోనే అనుకున్నాను, ఎందుకంటే బజ్జీలు అప్పటికింకా నూనెలోనే ఉన్నాయి.

తిరిగొచ్చేటప్పుడు కార్లో అఖిల నీరసంగా తల వెనక్కి వాల్చింది. "అత్తమ్మా, ఇప్పటిదాకా చూసినవాళ్ళందర్లో ఈయనకే ఎక్కువొచ్చినయ్," అంది. మిర్యాలగూడలో ప్రతి శుక్రవారం వాళ్ళు ఒక చికిత్స తరగతి నడుపుతున్నారు. మూతపడ్డ కోచింగ్ సెంటర్ పైగదిలో, గుండ్రంగా కుర్చీలేసుకుని. దానికి లింగస్వామిని తప్పకుండా రప్పించాలి అని కూడా అంది. ముందు సీట్లో మా ఆయన పాట ఆపి వింటున్నారని నేను గమనించలేదు. గమనించాల్సింది.

లింగస్వామి ఒక శుక్రవారం వచ్చాడు, రెండు శుక్రవారాలు రాలేదు. ఫోన్ చేస్తే బాలమ్మ ఎత్తి "జాతర గిరాకీ ఉందండి, పై వారం పంపిస్తా" అనేది. అట్లా అంటూ అంటూ ఒకరోజు పొద్దున్నే తనే మా ఇంటికి దిగింది. పట్టుచీర కట్టుకుంది. చేతిలో లడ్డూల డబ్బా.

"మేడమ్‌గారూ, నోరు తీపి చేసుకోండి. మీ చలవే ఇదంతా."

"ఏమైంది బాలమ్మా?"

"మావాడికి సంబంధం కుదిరిందండి! కేసు పేరు చెప్పగానే ఎవరూ గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. అది పొలం తగాదాలో పెట్టిన దొంగకేసని ఎంత చెప్పినా నమ్మేవాళ్ళు కాదు. ఇప్పుడు చెప్పా, హైదరాబాదు నుంచి పెద్ద చదువుల మేడమ్ వచ్చి మావాడికి పరీక్ష పెట్టింది, అందరికంటే మావాడికే ఎక్కువ మార్కులొచ్చాయి అని. ఇక నోరెత్తలేదు."

లడ్డూ అప్పటికే కొరికాను. మింగాలో ఉమ్మాలో అర్థం కాలేదు.

"ఎక్కువొచ్చాయని నీకెవరు చెప్పారు?"

"సారే చెప్పారండి! మీరొచ్చి వెళ్ళిన వారానికి మా బండి దగ్గర కారాపితే నేను కవర్లో బజ్జీలు కట్టిచ్చా, అది తీసుకుంటూ చెప్పారు. పోయిన వారం అటుగా వెళ్తూ కూడా ఆగి చెప్పారు."

అప్పుడూ బజ్జీలు తిన్నారన్నమాట, డాక్టరు వద్దన్నాక కూడా. ఆ సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టి, "పిల్లది ఏ ఊరు?" అనడిగాను.

"త్రిపురారం అండి. భర్త పోయాడు పాపం. మంచి పిల్ల, స్వరూపని. ఎనిమిదేళ్ళ ఆడపిల్ల ఉందండి. ఉంటే ఏమైంది, మా ఇంట్లోనే పెరుగుద్ది. ఈ నెలాఖర్లోనే గుళ్ళో దండలు మార్పించేస్తాం."

ఆమె వెళ్ళేదాకా నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు. గేటు వేసి వచ్చి మా ఆయన ముందు నిలబడ్డాను.

"మీరు బాలమ్మతోని ఏం చెప్పిన్రు?"

"ఏం చెప్పిన? పాపం ఆమె పరేషాన్‌గ ఉన్నది. మా వానికి ఎన్నొచ్చినయ్ సార్ అని అడిగింది. అందరికంటె ఎక్కువొచ్చినయమ్మా అన్న. మంచిమాటే గదా?"

"అది మంచిమాట ఎట్లయితది?"

"మార్కులెక్కువొస్తె మంచిది గాదా? మన వోడు టెన్త్‌ల తక్కువ తెచ్చుకుంటె నువ్వు మూడ్రోజులు అన్నం తినలే గదనే!"

నేను చెప్పాను. ఎక్కువ రావడమంటే ఏమిటో, ఆ ఇంట్లోకి రాబోయే పిల్లకు ఎన్నేళ్ళో చెప్పాను. ఆయన పేపరు పక్కన పెట్టారు. కళ్ళజోడు తీశారు. చాలాసేపు ఏమీ అనలేదు. మా ఆయన అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. అది ఓ నెల ముందు చేసి ఉంటే సరిపోయేది.

అఖిల విని, మెట్ల మీదే కూలబడింది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను. "త్రిపురారం పోయి చెప్పేద్దాం పా."

"చెప్పొద్దు అత్తమ్మా. ఆయనకు మాటిచ్చినం. మాటిచ్చినం కాబట్టే వాళ్ళు నోరిప్పుతున్నరు. ఒక్కరి సంగతి బయటికి పోతే రేపటినుంచి ఒక్క మనిషి తరగతికి రాడు. రాకపోతే వాళ్ళు ఇంకా ప్రమాదం."

"మరి ఆ పిల్ల?"

"పిల్లలకు అపాయముందని తెలిస్తే చెప్పొచ్చని కూడా రాసుకున్నం. కాని దానికి మా యూనివర్సిటీ కమిటీ ఒప్పుకోవాలె."

"అయితే అడుగు."

అడిగింది. వాళ్ళ గైడుగారు ఢిల్లీలో ఏదో సదస్సులో ఉన్నారు. పిల్లల రక్షణ మీద సదస్సేనట. కమిటీ కార్యదర్శికి ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమన్నారు. మెయిల్ పెడితే అందిందని జవాబొచ్చింది. అందాక ఏమవుతుందంటే, వచ్చే నెల సమావేశంలో పెడతారట. నెలాఖర్లో పెళ్ళి అని రాస్తే, "మీ ఆందోళనను గుర్తించాము" అని ఒక్క ముక్క రాశారు. పక్కిల్లు అంటుకుందని చెబితే కిటికీలోంచి చూసి అవును అంటుకుంది అన్నట్టు.

శుక్రవారం అదృష్టం కొద్దీ లింగస్వామి మిర్యాలగూడకు వచ్చాడు. తరగతి అయ్యాక అఖిల అతన్ని ఆపి, "పెళ్ళి కుదిరిందటగా. ఆమెకు మీ కేసు సంగతి నిజంగా చెప్పారా?" అని అడిగింది. అతను నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మ చూసుకుంటదండి."

"ఆ ఇంట్లో చిన్నపిల్ల ఉంటుంది. దాని గురించి మీరేం ఆలోచించారు?"

"అమ్మ ఇష్టమండి."

నేను తలుపు దగ్గరే ఉన్నాను. అతను రాక్షసుడిలా ఏమీ లేడు. తరగతి అవగానే గదిలో కుర్చీలు సర్దిపెట్టాడు, ఎవరూ చెప్పకుండానే. అదే నాకు మరీ చిరాకు తెప్పించింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, తన చేతులు తనవి కానట్టు, అవి ఏం చేస్తాయో వాళ్ళమ్మకే తెలిసినట్టు నిలబడ్డాడు. అఖిల కాగితంలో ఇంకో రెండు వేసి ఉంటుంది.

ఇంతలో జరగాల్సింది తనంతట తనే మా గుమ్మం తొక్కింది. మనవైపు సంబంధం ఖాయం చేసుకునే ముందు ఆరా తియ్యడం ఉంది కదా. పిల్లవాడి ఇరుగుపొరుగుని, పనిచేసే చోట యజమానిని, చివరికి కిరాణా కొట్టువాణ్ణి కూడా అడుగుతారు. బాలమ్మ గర్వంగా "అనుమానముంటే సూర్యాపేట పోయి ఆ మేడమ్‌నే అడగండి" అని మా అడ్రసు ఇచ్చిందట. ఆదివారం పొద్దున ఆటో దిగి ముగ్గురొచ్చారు. స్వరూప తల్లి జానమ్మ, స్వరూప, వెనక రెండు జడల పిల్ల. అఖిల హైదరాబాదు పోయింది, గైడుగార్ని మొహమ్మీదే అడుగుతానని.

"పరీక్ష పెట్టిన మేడమ్ మీరేనా బిడ్డా?" అంది జానమ్మ, పంకా కింద కూర్చుని.

"నేను కాదు, మా ఆడబిడ్డ బిడ్డ. నేను ఆమెతోని పోతుంట."

"ఎవరైతేంది. పోరనికి మార్కులు మంచిగొచ్చినయట గద?"

"పెద్దమ్మా, ఆ అబ్బాయి గురించి నేను ఒక్క ముక్క చెప్పొద్దు. సంతకం పెట్టిన."

"చెప్పకు తియ్యి. నేనడుగుత, నువ్వు తల ఊపు."

"తల గూడ ఊపొద్దు."

"గిదెక్కడి సంతకమే తల్లీ!" అని జానమ్మ నవ్వింది. "మావోళ్ళు ఊరంత తిరిగొచ్చిండ్రు. ఒకలు మంచోడంటరు, ఒకలు నోరే తెరవరు. గా పరీక్ష ఒక్కటే మాకు నమ్మకం. సదువుకున్నోళ్ళు పెట్టింది గదా. ఫస్టొచ్చిండంటె ఉత్తగనే వస్తదా?"

స్వరూప ఏమీ మాట్లాడటం లేదు. ముప్పై దాటని మొహం. కూతురు మా వాకిట్లో గులాబీ కుండీ దగ్గర కూర్చుని రాలిన రేకులు ఏరుతుంటే అటే చూస్తోంది. ఆ పిల్లకు ముందు పన్ను ఒకటి ఊడింది. నావైపు చూసి నవ్వినప్పుడు ఆ సందు కనిపించింది.

నేను వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ వెలిగించి, అటు తిరిగి నిలబడ్డాను. చెప్పొద్దు. చెప్పకుండా ఉండొద్దు. కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది. చాయ్ మరిగింది. చక్కెర డబ్బా మూత తియ్యబోయి ఆగాను. మూడు కప్పుల్లో వేశాను. నాలుగో కప్పు అట్లాగే ఉంచాను.

మా ఆయన్ని హాల్లోకి పిలిచి, అందరి ముందు ఆ కప్పు చేతికిచ్చాను. ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టారు.

"ఇండ్ల చెక్కెర లేదు."

"లేదు. వెయ్యలే."

"సార్‌కు చెక్కెర ఎయ్యవా? గదేంది?" అంది జానమ్మ.

"మీకు తెల్వదా పెద్దమ్మా? మొన్న ఈయనకు పరీక్ష చేసిండ్రు. మూడొందల ఎనభై వచ్చింది. మా గల్లీల ఎవ్వరికీ అంత రాలే. మావారిదే ఫస్టు."

"పూర్ణా!" అన్నారు ఆయన, తన షుగర్ గుట్టు ఇట్లా వీధిన పడుతుందని అనుకోక.

"ల్యాబు ఆయన ఫోన్ చేసి చెప్తే మాకు ఎంత సంబురమైందో! లడ్డూలు పంచుదామనుకున్నం. డాక్టర్ తిట్టిండు. ఏమమ్మా, ఇది ఎక్కువొస్తె సంబురపడే పరీక్షనా, తక్కువ రావాలె అని మొక్కుకునే పరీక్షనా తెలుసుకోకుండ ఫస్టొచ్చిందని ఎగురుతున్నవా అన్నడు."

జానమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "షుగరు పరీక్షల ఫస్టట! సార్ జర పైలం!"

స్వరూప నవ్వలేదు. కప్పు కింద పెట్టింది. నేను ఆమెవైపే చూస్తున్నాను, ఆమె కూడా నావైపే చూస్తోంది.

"అక్కా," అంది మెల్లగా, "అంటె కొన్ని పరీక్షలల్ల ఎక్కువొచ్చుడు మంచిది గాదా?"

"నేను మా ఆయన షుగర్ గురించే చెప్తున్న."

"అవునక్కా. సార్ షుగర్ గురించే అడుగుతున్న."

"షుగర్ పరీక్షల ఎక్కువొస్తె మంచిది గాదమ్మా. అస్సలు మంచిది గాదు."

మా ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగారు. తర్వాత మెల్లగా, "నిజమే బిడ్డా," అన్నారు. "నాకు గూడ తెల్వక ఎక్కువొస్తె మంచిదే అనుకున్న. ఒకామెకు గట్లనే చెప్పిన. తప్పయింది." మా పెళ్ళయ్యాక ఆయన సరైన సమయంలో సరైనంత మాట్లాడిన సందర్భాల్లో అదొకటి. ఇంకోటి గుర్తొస్తే రాస్తాను.

స్వరూప లేచి వాకిట్లోకి పోయింది. కూతురి వొళ్ళో ఉన్న గులాబీ రేకులు దులిపి, చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుందేమో, పిల్ల "అమ్మా, నొస్తుంది" అంది.

"పోదాం పా అమ్మా," అంది స్వరూప తల్లితో.

"ఏందే, ఇంక చాయే తాగలే! మార్కుల ముచ్చట అడగనేలే!"

"అడిగిన. పా."

గేటు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి, "సార్‌ను గోలీలు మరవకుండ ఏసుకొమ్మనక్కా," అంది. ఆటో మలుపు తిరిగేదాకా జానమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది, ఏమైందే, ఏమైందే అని.

సాయంత్రం అఖిల వచ్చింది. గైడుగారు దొరకలేదు. సంగతి విని దాని మొహం పాలిపోయింది.

"అత్తమ్మా, నువ్వేమన్న చెప్పినవా?"

"మీ మామయ్య షుగర్ గురించి చెప్పిన. అది మా ఇంటి ముచ్చట. దానికి మీ కమిటీ పర్మిషన్ అక్కర్లే."

అది నన్ను తిట్టాలని నోరు తెరిచింది. తిట్టలేక నా పక్కన కూర్చుని భుజమ్మీద తల పెట్టింది. ఏడుస్తోందో నవ్వుతోందో నేను చూడలేదు.

రెండు రోజులకు బాలమ్మ వచ్చింది. పట్టుచీర లేదు, లడ్డూలూ లేవు. మా గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టింది.

"ఏం చెప్పారండీ వాళ్ళకి? కుదిరిన సంబంధం! మీ ఇంటికొచ్చి వెళ్ళాక ఫోను కూడా ఎత్తట్లేదు! చదువుకున్నవాళ్ళు, మీకేం అన్యాయం చేశాం? నా చేత్తో బజ్జీలేసి పెట్టానే!"

ఎదురింటి వాళ్ళు మేడమీద బట్టలు ఆరేసుకునే వంకతో వచ్చి నిలబడ్డారు. అప్పటికే ఆరిన బట్టలవి. నేను బాలమ్మను లోపలికి తెచ్చి తలుపేశాను. అరవనిచ్చాను. అలిసిపోయాక నీళ్ళిచ్చాను.

"బాలమ్మా, నీ కొడుకు మార్కులు నీకు చెప్పొద్దు. మా ఆయన ముందే చెప్పేసిండు కాబట్టి అవేం మార్కులో చెప్పకపోతే ఇంకా పాపం. ఆ పరీక్షల ఎక్కువ రావడమంటే, అదే తప్పు మళ్ళీ జరిగే ప్రమాదం ఎక్కువున్నదని."

ఆమె గ్లాసు పట్టుకునే ఉంది. దొంగకేసు అంటుందేమో, పొలం తగాదా అంటుందేమో అని చూశాను. అనలేదు. అప్పుడు నాకు ఆ బంతి గుర్తొచ్చింది. పిండి చేతులతో ఉరికి, ఆడపిల్లల్ని గడప తొక్కనివ్వకుండా తరిమిన తీరు. కొడుకును బండి దగ్గరికి రానివ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టి ఉల్లిగడ్డలు కోయించడం. నేను గయ్యాళితనం అనుకున్నది గయ్యాళితనం కాదు.

"నీకు తెలుసు," అన్నాను.

"కన్నదాన్ని, తెలీకుండా ఎట్లా ఉంటదండి?" గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "వాడొచ్చినకాడ్నుంచి కంటిమీద కునుకు లేదు. ఎటు పోతున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో. ఊరంతా నన్ను రాకాసంటారు. పిల్లలు కూడా."

"తెలిసి, ఎనిమిదేళ్ళ పిల్లను ఇంట్లకు తెచ్చుకుందామని ఎట్లనుకున్నవ్?" నా గొంతు నాకే కటువుగా వినిపించింది. తగ్గించుకోలేదు.

"నాకు ఒంట్లో బాగుండట్లేదమ్మా. నా తర్వాత వాణ్ణి కనిపెట్టుకుని ఉండేదెవరు? పెళ్ళామైతే కాపలా ఉంటుందనుకున్నా. పిల్ల ఉన్న తల్లయితే ఇంకా జాగ్రత్తగా కనిపెడుతుందనుకున్నా."

"ఏం కనిపెట్టాలో ఆమెకు చెప్పకుండనా?"

బాలమ్మ గ్లాసు కింద పెట్టింది. నాకు ఆమె మీద కోపం పోలేదు. పోకుండానే పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది.

"అయితే ఆ మార్కులు తగ్గవా?" అంది చివరికి. "మీ సారుకి షుగరు తగ్గించడానికి మందిస్తారుగా. దీనికి మందు లేదా? పత్యం ఏమన్నా ఉందా?"

జానమ్మ మా ఆయన షుగర్ సంగతి కోదాడదాకా పాకేటట్టు చాటిందని అప్పుడు తెలిసింది.

అఖిల మేడమీంచి దిగివచ్చింది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. బాలమ్మ ఎదురుగా కింద కూర్చుంది.

"జరిగిపోయినదానికి వేసిన మార్కులు తగ్గవమ్మా. అవి ఎప్పటికీ అంతే. ఇప్పుడు ఎట్లా ఉంటున్నాడన్నదానికి వేసినవి తగ్గుతాయి, ఆయన పనిచేస్తే. పత్యం కూడా ఉంది. పిల్లలున్న ఇంట్లో అడుగు పెట్టకూడదు. బుద్ధి అటు పోతుందని తెలియగానే దాచకుండా ఒకరికి చెప్పుకోవాలి. శుక్రవారం తప్పకూడదు. మీరొక్కరే కాపలా కాయడం కాదు. ఆయన తన కాపలా తనే కాయడం నేర్చుకోవాలి. మేం నేర్పేది అదే."

"ఎన్నాళ్ళు?"

అఖిల నావైపు చూసింది. నేను మా ఆయన వైపు చూశాను.

"నా గోలీలు జీవితాంతమన్నడు డాక్టరు," అన్నారు ఆయన.

కమిటీవాళ్ళు తర్వాతి నెల కూర్చున్నారు. విషయాన్ని లోతుగా పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేశారు. అది ఇంకా పరిశీలిస్తూనే ఉంది.

స్వరూప నంబరు నా దగ్గర లేదు, అడగడమూ తగదు. ఆ మధ్య మా దుకాణానికి త్రిపురారం రైతు వస్తే, జానమ్మ మనవరాలికి ముందు పన్ను వచ్చిందా అని మా ఆయన అడిగారట. ఆ రైతు ఈయనకు పిచ్చా అన్నట్టు చూశాడట.

లింగస్వామి మాత్రం శుక్రవారాలు తప్పడం లేదు. తప్పనివ్వడం లేదు అనాలి. బాలమ్మ బండి మూసి, కొడుకును బస్సెక్కించి తనూ వస్తుంది. లోపలికి రావద్దంటే గది బయట మెట్లమీద కూర్చుంటుంది. మొదటి రెండు వారాలు తలుపుకు చెవి ఆనించి, లోపల అడిగిన ప్రశ్నలకు బయటినుంచి జవాబులు చెప్పింది. అఖిల బయటికొచ్చి దండం పెట్టింది. ఇప్పుడు కింది మెట్టు మీద కూర్చుంటుంది. పోయిన వారం లోపల్నుంచి లింగస్వామి గొంతు వినబడింది. ఏమంటున్నాడో తెలియలేదు కానీ చాలాసేపు అతనే మాట్లాడాడు. బాలమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. చేతిలో ఉన్న కవరు గట్టిగా నలిపింది.

అందులో బజ్జీలున్నాయి. పక్కమెట్టు మీద కూర్చున్న మా ఆయన వాటివైపు చూస్తున్నారు, నేను ఆయన వైపు చూస్తున్నాను.

"మేడమ్‌గారూ," అంది బాలమ్మ నాతో. "మళ్ళీ పరీక్ష ఎప్పుడంట?"

"ఏడాది దాటినాక అన్నది అఖిల."

"మట్టపల్లి నరసింహస్వామికి మొక్కుకున్నానండి. మావాడికి ఈసారి తక్కువ మార్కులు రావాలని." కవరు మా ఆయనకు అందకుండా అటువైపు పెట్టుకుంది. "మీ సారుక్కూడా కలిపే మొక్కానులెండి."